సింగపూర్‌లో నలుగురు ఉత్తరాంధ్ర కుర్రాళ్లు, ఒక శని-ఆదివారం

అడిగింది ఇది: "మాది కంచిలి దగ్గర పల్లె. సింగపూర్‌లో షిప్‌యార్డు వెల్డర్‌ని, వచ్చి ఏడాది కావస్తోంది. డార్మిటరీ, యార్డు, ఆదివారం లిటిల్ ఇండియా తప్ప ఏమీ చూడలేదు. పలాస, సోంపేట కుర్రాళ్లు ఇద్దరు నాతోనే పనిచేస్తారు. రాజాం స్నేహితుడొకడు ఇక్కడే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. వచ్చే శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి దాకా నలుగురికీ ఖాళీ దొరికింది. ఊరు చూడాలి, రాత్రి ఒక క్లబ్బుకి కూడా వెళ్లాలని ఉంది. ఎంతవుతుంది? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? పక్కనే మలేషియాలో ఉన్న జోహోర్ బారు కూడా కలుపుకోవచ్చా?"

తమ్ముడూ, నేను అక్కడ చాలా ఏళ్లు రిగ్గింగ్ సూపర్‌వైజర్‌గా చేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలోనే ఉంటున్నాను. డే అండ్ నైట్ జంక్షన్‌లో టీకి నిలబడితే చాలు, సింగపూర్ వెళ్లబోయేవాడో సెలవు మీద వచ్చినవాడో ఎవడో ఒకడు ఇదే అడుగుతాడు. అందరూ చోట్ల పేర్లే అడుగుతారు. చోట్లదేముంది, ఫోన్ తీస్తే వంద కనిపిస్తాయి. నీ ప్రశ్నలో నాకు ముఖ్యంగా కనబడింది రాజాం స్నేహితుడు సాఫ్ట్‌వేర్ అన్న ముక్క.

ముగ్గురికి ఓటీ (ఓవర్‌టైమ్) ఉంటేనే నెల గడుస్తుంది, ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా ఇంటి దగ్గర తీరుతూ ఉంటుంది. నాలుగోవాడికి ఆ బాధ లేదు. అతను మంచివాడే అయ్యుంటాడు, "పదండ్రా నేను చూసుకుంటా" అంటాడు కూడా. మొదటి రౌండు అతను పెట్టాక రెండోది మనం పెట్టకపోతే బాగోదని పలాస వాడికి అనిపిస్తుంది. మొహమాటం గురించి మనవైపు సామెత ఒకటుంది, ఇక్కడ రాయలేను, మీకు తెలిసిందే. ఇలాంటి వారాంతాలు చెడేది చోటు బాగోక కాదు, ఈ రెండో రౌండు దగ్గరే.

కాబట్టి శనివారం బయల్దేరే ముందే నలుగురూ సమానంగా డబ్బు వేసి ఒకడి చేతికివ్వండి. ఎంత వెయ్యాలో అందరికంటే తక్కువ జీతం ఉన్నవాడు చెప్పాలి. ఆ డబ్బు ఉన్నంతవరకే తిరుగుడు. సొంతంగా ఎవడైనా షర్టో సెంటో కొనుక్కుంటే అది వాడి లెక్క. డబ్బు పట్టుకునేవాడు తాగనివాడైతే మరీ మంచిది. ప్రతి గుంపులో అలాంటివాడు ఒకడుంటాడు.

ఎంతంటే, క్లబ్బు లేకుండా మనిషికి 45, 50 సింగపూర్ డాలర్లలో రెండు రోజులూ హాయిగా గడిచిపోతాయి. డాలరు 70 రూపాయల అటూ ఇటూ అనుకుంటే మన డబ్బులో మూడు వేల చిల్లర. క్లబ్బు, అర్ధరాత్రి దాటాక ట్యాక్సీ కలిస్తే 80, 90 డాలర్లు పట్టుకోండి. ఈ తేడా ముందే తెలిసుంటే, క్లబ్బు కావాలా వద్దా అన్నది మీరు డార్మిటరీలో మంచం మీద కూర్చుని తేల్చుకోవచ్చు. తలుపు దగ్గర నిలబడ్డాక తేల్చుకోవడం కష్టం.

ఇక ఊరు. సింగపూర్‌ని రాత్రి చూడాలి. పగలు ఎండ, చెమట, మధ్యాహ్నం ఉన్నట్టుండి కుండపోత వాన. అది భూమధ్యరేఖకి ఒక్క డిగ్రీ పైన ఉన్న ఊరు. పగలూ రాత్రీ ఏడాదంతా దాదాపు సమానమే. పైగా 1982 నుంచి వాళ్ల గడియారం ఉండాల్సినదానికంటే దాదాపు గంట ముందు నడుస్తోంది, అందుకే పొద్దు గుంకేసరికి ఏ నెలలోనైనా ఏడు కొడుతుంది. మన ఇచ్ఛాపురంలో డిసెంబరులో ఐదున్నర కాకుండానే చీకటి పడిపోతుంది కదా, ఆ అలవాటుతో ఐదింటికే మెరీనా బేకి పోయి కాళ్లు లాగేలా తిరిగి, తీరా దీపాలు వెలిగే వేళకి ఆకలేసి వెనక్కి వచ్చేసినవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. శనివారం షిఫ్ట్ దిగాక స్నానం చేసి ఒక నిద్ర తీయండి. ఆరింటికి బయల్దేరితే చాలు.

మీరు తువాస్, జూరాంగ్ వైపు ఉంటారనుకుంటున్నాను. ఆకుపచ్చ లైనులో బుగిస్ దాకా వచ్చి నీలం లైనులోకి మారండి, రెండో స్టేషన్ బేఫ్రంట్. కార్డు ఏదైనా ఫరవాలేదు, బ్యాంకు కార్డు కూడా గేటు మీద తాకిస్తే పనిచేస్తుంది. ఒక కార్డు మీద ఒక్కరే వెళ్లగలరు, నలుగురికీ నాలుగు కావాలి. రైల్లో మంచినీళ్లు కూడా తాగకూడదు, తిన్నా తాగినా 500 డాలర్ల దాకా జరిమానా.

బేఫ్రంట్‌లో దిగి గార్డెన్స్ బై ది బే వైపు నడవండి. 2012లో తెరిచిన తోట. ఇనుప చట్రాల మీద మొక్కలు పాకించిన పెద్ద పెద్ద చెట్లు 18 ఉంటాయి, ఒక్కోటి 25 నుంచి 50 మీటర్ల ఎత్తు. మీరు వెల్డర్లు కాబట్టి ఆ చట్రం అతుకులు చూస్తూ మీరే పావుగంట నిలబడిపోతారు. రాత్రి 7:45కి ఒకసారి, 8:45కి ఒకసారి పాటలు పెట్టి చెట్లకి దీపాలు ఆడిస్తారు. టికెట్ లేదు. నిలబడి మెడ నొప్పి తెచ్చుకోకండి, అందరూ కిందే వెల్లకిలా పడుకుని చూస్తారు, మీరూ పడుకోండి. లోపల అద్దాల మేడల్లో ఉన్న పూలతోటకీ జలపాతానికీ టికెట్ ఉంటుంది. చూడాలనిపిస్తే కౌంటర్‌లో వర్క్ పాస్ చూపించి స్థానికుల ధర అడగండి. విదేశీ టూరిస్టు ధరకీ దానికీ చాలా తేడా. ఈ మాట అడగనివాడికి ఎవరూ చెప్పరు. అయితే ఈ వారాంతానికి ఆ మేడలు అవసరం లేదని నా అభిప్రాయం. ఇంటి నుంచి ఎవరైనా వచ్చినప్పుడు వాళ్లతో వెళ్లండి.

7:45 ఆట అయ్యాక నెమ్మదిగా మెరీనా బే సాండ్స్ ముందున్న నీళ్ల ఒడ్డుకి రండి. మూడు టవర్ల మీద ఓడ పెట్టినట్టుండే హోటల్ అదే. తొమ్మిదింటికి నీటి తుంపర మీద లేజర్ బొమ్మలు వేస్తారు, ఇదీ ఉచితమే. శుక్ర, శనివారాల్లో పదింటికి ఇంకొకటి వేస్తుంటారు. వేళలు అప్పుడప్పుడూ మారుస్తారు, ముందు రోజు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఇంటికి వీడియో కాల్ చెయ్యాలంటే ఈ తొమ్మిది గంటల ఆట పట్టుకోండి. అక్కడ తొమ్మిదంటే ఇక్కడ ఆరున్నర. అమ్మ సంధ్యదీపం పెట్టి ఖాళీగా ఉంటుంది, నాన్న ఇంకా పడుకోడు. పదిన్నరకి చేస్తే ఇక్కడ సీరియల్ టైము, ఎవరూ సరిగ్గా చూడరు.

అక్కడి నుంచి మెలికలు తిరిగిన హెలిక్స్ వంతెన దాటి, నీళ్ల చుట్టూ నడుచుకుంటూ మెర్‌లయన్ దగ్గరికి చేరండి. సింహం తల, చేప తోక, 8.6 మీటర్ల బొమ్మ. నోట్లోంచి నీళ్లు పడుతుంటాయి, జనమంతా నోరు తెరిచి ఆ నీళ్లు తాగుతున్నట్టు ఫోటో దిగుతుంటారు. మీరూ దిగుతారు, నాకు తెలుసు. దానికి వీపు పెట్టి ఎదురుగా చూడండి, ఇందాకటి హోటల్, తోట, వంతెన అన్నీ నీళ్లలో కనిపిస్తాయి. హోటల్ పైకి టికెట్ కొనుక్కుని ఎక్కితే ఆ హోటలే కనబడదు కదా! ఆ డబ్బు మిగుల్చుకోండి.

విజయనగరంలో పైడితల్లి పండక్కి తొలేళ్ల రాత్రి గంటస్తంభం చుట్టూ తెల్లవార్లూ తిరిగినవాడికి ఈ నడక కొత్తేమీ కాదు. జనంతో పాటు ఊరికే కదులుతూ ఉండటమే సరదా. మా గుంపులో పబ్బుల కోసం ఎగబడి వచ్చినవాళ్లు కూడా చివరికి ఈ ఒడ్డు మీద కూర్చుని కబుర్లలో పడిపోయి కదిలేవాళ్లు కాదు.

ఆకలికి లావ్ పా సాట్. మెర్‌లయన్ నుంచి పావుగంట నడక. 1894 నాటి పోత ఇనుప స్తంభాల మార్కెట్, ఎనిమిది మూలలుంటుంది. రాత్రి ఏడు దాటాక పక్కనున్న వీధి మూసేసి బల్లలు వేసి బొగ్గుల మీద సాటే కాలుస్తారు. పుల్లలకి గుచ్చిన మాంసం ముక్కలు, తీపి మసాలా, పక్కన వేరుశనగ ముద్ద. మామూలుగా పది పుల్లలకి తక్కువ ఇవ్వరు. బీఫ్ కూడా అదే పొయ్యి మీద కాలుతుంది, కాబట్టి చికెనో మటనో విడిగా చెప్పండి, పట్టింపు ఉన్నవాడు అక్కడ తినకపోవడమే మేలు. మీలో శనివారం నీచు తిననివాడు ఒకడైనా ఉంటాడు. లోపల మన దేశపు వంటల దుకాణాలున్నాయి, వాడికి దోసో పరాటాయో దొరుకుతుంది. పన్నెండు దాటితే ఆదివారమే కదా అని వాదించేవాడు కూడా నా గుంపులో ఒకడుండేవాడు. వాడి కోసం మేము ఆ వీధిలో గడియారం చూస్తూ కూర్చున్నాం.

ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది ఎవరో పెట్టుకున్న చోటు, కూర్చోకండి. మీరూ అలాగే ఒకటి పెట్టి ఆర్డర్‌కి వెళ్లండి. తిన్నాక పళ్లెం మీరే తీసి స్టాండులో పెట్టాలి, 2021 నుంచి అది చట్టమే. దుకాణంలో ఉన్న పెద్దావిడని "ఆంటీ" అనండి, పెద్దాయన్ని "అంకుల్" అనండి. చైనా వాళ్లయినా మలయా వాళ్లయినా అక్కడ పిలుపు అదే, మొహం మారిపోతుంది. బీరు తాగాలనుకునేవాళ్లు ఇక్కడే పెద్ద సీసా ఒకటి తీసుకుని ఇద్దరు పంచుకోండి. నదీ తీరం బార్లలో ఒక్క గ్లాసుకి పెట్టే డబ్బులో ఇక్కడ ఇద్దరి పని అయిపోతుంది.

ఇంతటితో ఆపేస్తామంటే దగ్గర్లోనే రాఫెల్స్ ప్లేస్ స్టేషన్ ఉంది, అది మీ ఆకుపచ్చ లైనే, మారక్కర్లేకుండా ఇంటికి పోవచ్చు. ఆఖరి రైలు పదకొండున్నరకీ పన్నెండున్నరకీ మధ్య, స్టేషన్‌ని బట్టి, మీరు వెళ్లే దిక్కుని బట్టి ఉంటుంది. వచ్చేటప్పుడే అక్కడి బోర్డు ఫోటో తీసి పెట్టుకోండి. అది తప్పిపోతే మళ్లీ తెల్లవారి ఐదున్నర దాకా రైలు లేదు, ఆదివారం ఇంకాస్త ఆలస్యం. ట్యాక్సీ మీటరు అర్ధరాత్రి నుంచి ఆరింటి దాకా ఒకటిన్నర రెట్లు తిరుగుతుంది. యాప్‌లో బండి అడిగినా ఆ వేళకి రేటు అలాగే ఉంటుంది. పదకొండున్నరకి రైలు ఎక్కాలో, మూడింటి దాకా ఉండి నలుగురూ ట్యాక్సీ పంచుకోవాలో రెండింట్లో ఒకటి ముందే ఖాయం చేసుకోండి. ఒంటిగంటకి "ఇక పోదాం" అనేదే అన్నిటికంటే దండగ: క్లబ్బూ సగంలో వదిలేసినట్టు, ట్యాక్సీ డబ్బూ పోయినట్టు. రాజాం కుర్రాడి గదిలో పడుకుందామనుకుంటే అతని ఇంటి ఓనర్‌ని ముందే అడిగించండి. గదుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లలో సగం గొడవలు రాత్రి వచ్చే స్నేహితుల మీదే. మీ డార్మిటరీ గేటు నిబంధన ఏమిటో కూడా కనుక్కోండి.

క్లబ్బు సంగతి. క్లార్క్ కీ వైపు వెళ్లండి. నది పక్కన పాత గిడ్డంగుల్లో బార్లు, క్లబ్బులు వరసగా ఉంటాయి. లోపలికి వెళ్లకపోయినా ఆ వంతెన మీద తిరగడానికి బాగుంటుంది. 18 నిండాలి, వర్క్ పాస్ చూపించాలి. చెప్పులు, నిక్కర్లు, చేతుల్లేని బనీన్లు కుదరవు. బూట్లు లేవని సేఫ్టీ షూ వేసుకొచ్చినవాణ్ణి కూడా చూశాను, వాణ్ణి లోపలికి రానిచ్చారు, డాన్సు మాత్రం కుదరలేదు. తలుపు దగ్గర ప్రవేశ రుసుం తీసుకుంటారు, చాలాచోట్ల అందులో ఒక డ్రింకు కలిసి ఉంటుంది. ఉందో లేదో డబ్బు ఇవ్వకముందే అడగండి. ఒక్కోసారి ముందువాళ్లని పంపించి మిమ్మల్ని చూడగానే "ఈ రోజు లిస్టులో ఉన్నవాళ్లకే" అంటారు. ఎందుకన్నారో మీకూ తెలుసు, వాడికీ తెలుసు. మనసుకి కష్టంగానే ఉంటుంది. వాదించకుండా పక్క తలుపు చూసుకోండి, అక్కడ డబ్బు తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి. ఇవి మనవాళ్లకి బిల్లు వచ్చాక గానీ కనబడవు. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ ఛార్జ్. రెండో ప్లస్ ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ. అంటే 20 డాలర్లని రాసి ఉన్నది మీ చేతి నుంచి దాదాపు 24 అయి పోతుంది. నలుగురికి ఒక్కో రౌండు 16 డాలర్ల అదనం, లావ్ పా సాట్ లాంటి హాకర్ సెంటర్‌లో ఇద్దరి భోజనం. మళ్లీ టిప్పు ఇవ్వక్కర్లేదు, ఆ అలవాటు అక్కడ లేదు. సాయంత్రం తొందరగా వెళితే హ్యాపీ అవర్ ధరలుంటాయి గానీ, దాని కోసం చెట్ల దీపాలు వదులుకోమని నేను చెప్పను.

ఇంకొక రకం పబ్బులున్నాయి. మన దేశపు పాటలు, లైవ్ బ్యాండు, వేదిక మీద అమ్మాయిలు. యార్డులో ఎవడో ఒకడు "మన పాటలేస్తార్రా" అని తప్పకుండా చెబుతాడు. తెలుగు పాట వినబడేసరికి ఎవడికైనా ప్రాణం లేచొస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ అక్కడ వ్యాపారం డ్రింకుల మీద కాదు, పూలదండల మీద. ఒకసారి నాతో వచ్చిన కుర్రాడు పాట బాగుందని చప్పట్లు కొట్టాడు. వెయిటర్ పక్కకి వచ్చి వంగి, దండ వేయిస్తారా అని అడిగాడు. వీడు తలూపాడు. పళ్లెంలో ప్లాస్టిక్ పూలదండ వచ్చింది, మైకులో వీడి పేరు చదివారు, పాడే అమ్మాయి మెడలో వేశారు, పాట అయ్యేలోపు అదే దండ తీసి లోపలికి పట్టుకుపోయారు. బిల్లులో దానికి 50 డాలర్లు. పక్క బల్ల మీద ఒకాయన పేరు అప్పటికే నాలుగుసార్లు చదివి ఉన్నారు, కాబట్టి మావాడికి మళ్లీ పౌరుషం వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను, వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ అమ్మాయిలది కూడా మనలాంటి వలస బతుకే, వాళ్లని ఏమీ అనను. వెళ్లాలనిపిస్తే ఒక్క డ్రింకు డబ్బు మాత్రం జేబులో పెట్టుకుని, కార్డు ఇంట్లో వదిలి వెళ్లండి.

కాసినో గురించి నువ్వు అడగలేదు, మెరీనా బే సాండ్స్ హోటల్ కిందే ఉంది కాబట్టి ఎవడో ఒకడు అంటాడు. 21 నిండిన విదేశీయులకి ప్రవేశం ఉచితం. సింగపూర్ పౌరులు, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లు మాత్రం రోజుకి 150 డాలర్లు కట్టాలి. సొంత జనం రాకూడదని అంత రుసుం పెట్టినచోటికి మనల్ని ఊరికే రమ్మంటున్నారంటే ఎందుకో ఆలోచించుకోండి. ఉద్దానంలో జీడితోట అమ్మి పంపించినవాళ్ల పిల్లలు అక్కడ కూర్చోవడం నేను చూశాను. దాని గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

తాగుడు చట్టం బాగా గుర్తుపెట్టుకోండి. 2013 డిసెంబరులో లిటిల్ ఇండియాలో బస్సు కింద ఒక కార్మికుడు పడి చనిపోయాక పెద్ద అల్లరి జరిగింది. ఆ తర్వాత 2015లో కొత్త చట్టం తెచ్చారు. రాత్రి 10:30 నుంచి ఉదయం ఏడింటి దాకా దేశమంతటా బయట, అంటే పార్కు, వంతెన, ఫుట్‌పాత్, డార్మిటరీ పక్క గ్రౌండు, ఎక్కడా తాగకూడదు. షాపులో సీసా అమ్మరు కూడా. లైసెన్సున్న బారులో, హాకర్ సెంటర్‌లో వాళ్ల వేళల్లో తాగవచ్చు. లిటిల్ ఇండియాలో, గేలాంగ్ పేటలో ఇంకా గట్టి: శని, ఆదివారాలు పగలు కూడా వీధిలో తాగకూడదు. ఒడ్డున కూర్చుని డబ్బా తెరుస్తామంటే 10:30 లోపు ముగించి డబ్బా బుట్టలో వేసెయ్యండి. వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) అసలు ముట్టుకోవద్దు, దగ్గర పెట్టుకున్నా నేరమే.

క్లబ్బులో గుంపులో ఎవరి మీదా చెయ్యి పడకూడదు, పొరపాటున తగిలితే వెంటనే సారీ చెప్పి పక్కకి జరగండి. అమ్మాయి ఫిర్యాదు చేస్తే అక్కడ రాజీ ఉండదు, జైలు, బెత్తం దెబ్బలు రెండూ ఉన్నాయి. వీడియో తీస్తే కూడా మీ నలుగురినే తీసుకోండి. ఎవరైనా సంచీ ఒక్క నిమిషం పట్టుకోమంటే పట్టుకోవద్దు, మత్తుమందు కేసుల్లో ఆ దేశం ఉరిశిక్ష దాకా వెళుతుంది. గొడవలో దెబ్బ కొట్టింది మీరు కాకపోయినా పోలీసు వచ్చేదాకా అక్కడే ఉంటే నలుగురి పేర్లూ రాస్తారు. వర్క్ పర్మిట్ రద్దయితే ఇంటి దగ్గర అప్పుకి సమాధానం చెప్పేది మీ నాన్న. టెన్షన్ పెట్టడానికి కాదు ఇదంతా. ఆ ఊళ్లో రాత్రి రెండింటికి ఒంటరిగా నడిచి వచ్చినా ఎవరూ జేబు కొట్టరు. భయపడాల్సింది మన గుంపులో మూడో పెగ్గు వేసినవాడి గురించే.

ఆదివారం తొందర లేదు. పదింటికి లేవండి. లిటిల్ ఇండియా మీరు చూస్తూనే ఉన్నారు కాబట్టి ఈసారి వదిలెయ్యండి. ఊదా రంగు లైనులో చైనాటౌన్ దిగండి. అక్కడ సౌత్ బ్రిడ్జ్ రోడ్డు మీద మారియమ్మ గుడి ఉంది, 1827 నాటిది, సింగపూర్‌లో హిందూ గుళ్లన్నిటికంటే పాతది. దాని పక్క వీధుల పేర్లు టెంపుల్ స్ట్రీట్, పగోడా స్ట్రీట్. రెండూ ఈ గుడి వల్ల వచ్చినవే, చైనా వాళ్ల పేటకి మన గోపురం పేరన్నమాట. మధ్యాహ్నం గుడి మూస్తారు, పదకొండుకల్లా చేరండి. రాత్రి పడుకున్న నిక్కరుతోనే వెళ్లకండి. అదే రోడ్డులో నాలుగడుగులు వేస్తే బుద్ధుడి దంతం పేరుతో కట్టిన పెద్ద ఆలయం, 2007లో కట్టింది, చూడటానికి ఉచితం, లోపల చల్లగా ఉంటుంది.

మళ్లీ ఊదా లైను ఎక్కితే రెండో స్టేషన్ హార్బర్‌ఫ్రంట్, ఆఖరి స్టేషన్. పైన పెద్ద మాల్. మిట్టమధ్యాహ్నం రెండు మూడు గంటలు ఆ ఏసీలోనే తిని కూర్చోండి. ఎండ తగ్గాక సెంటోసా ద్వీపానికి చెక్కబాట మీద నడిచి వెళ్లండి, రైలు టికెట్ అక్కర్లేదు, నడిచి వెళ్లేవాళ్లకి ప్రవేశ రుసుమూ లేదు. లోపల బీచ్‌లకి తిప్పే బండి కూడా ఉచితమే. యూనివర్సల్ స్టూడియోస్ 80 డాలర్ల పైమాటే, దానికి రోజంతా కావాలి, ఈసారికి ముందున్న గ్లోబు దగ్గర ఫోటోతో సరిపెట్టుకోండి. బారువ, కళింగపట్నం కెరటాలు చూసి పెరిగిన మనకి అక్కడి సముద్రం ఆనదు, కెరటమే ఉండదు, ఇసుక కూడా తెచ్చి పోసిందే. బాగుండేది ఎదురుగా వరసగా లంగరు వేసి ఉండే ఓడలు. సాయంత్రం దీపాలు వెలిగాక లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. పలాస వాడు "ఆ నాలుగోది మన యార్డులో రిపేరుకి వచ్చిందే" అంటాడు, సోంపేట వాడు కాదంటాడు, గంట గడిచిపోతుంది.

ఏడింటికి అక్కడి నుంచి లేవండి. సోమవారం పనికి లారీ ఎక్కే వేళ మీకు తెలుసు. హాట్ వర్క్, అంటే వెల్డింగ్ లాంటి నిప్పు పని, చేసేవాడికి నిద్ర చాలకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. మిగిలిన డబ్బు నాలుగు భాగాలు చేసి ఆ రైల్లోనే పంచేసుకోండి, సెంట్లతో సహా. రాజాం కుర్రాడు వద్దంటే వాడి జేబులో పెట్టండి.

జోహోర్ బారు ఈ వారాంతంలో కలపకండి. సముద్రం మీదుగా అటు వెళ్లే కాజ్‌వే రోడ్డు మీద శనివారం క్యూలో నిలబడటానికే సగం రోజు పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఆదివారం రాత్రి అంతకంటే ఘోరం. అటు వెళ్లాలంటే పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, మన పాస్‌పోర్టులకి మలేషియా వీసా నిబంధన ఆ వారం ఏముందో చూసుకోవాలి. సరుకులు చవకని వెళతారు గానీ ఒక్క పూటకి ఆ లాభం తేలదు. వెళ్లేదుంటే వారం మధ్యలో కంపెనీ సెలవు వచ్చిన రోజు పొద్దున్నే ఐదింటికి బయల్దేరండి. చైనా కొత్త సంవత్సరం ముందు వారం మాత్రం అస్సలు పెట్టుకోవద్దు, అప్పుడు సింగపూర్ సగం ఆ కాజ్‌వే మీదే ఉంటుంది.